మజీద్ నేర్పిన మెస్సు మర్యాద

డోలన్ దొర గిద్దలూరు స్టేషన్లో దిగగానే చేసిన మొదటి తప్పు, తన పెట్టె తానే మోసుకోవడం. రెండో తప్పు, ఆ పెట్టె అందుకోబోయిన నౌకరు మజీద్‌తో చేయి కలపడం. ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ ఇంగ్లీషు ఆఫీసర్లు ముగ్గురూ చూడరానిది చూసినట్టు మొహాలు పక్కకు తిప్పుకున్నారు. మజీద్‌కు ఆ చేయి తర్వాత ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇరవై రెండేళ్లుగా దొరల బూట్లు విప్పిన చేయి అది. దాన్ని ఒక దొర పట్టుకుని ఊపడం అదే మొదటిసారి.

అది పంతొమ్మిది వందల నలభై మూడు, వానలు వెనకబట్టే కాలం. బర్మా అడవుల్లో జపానువాళ్ల మీదికి పోవలసిన తెల్ల పటాలం ఒకటి గిద్దలూరుకు రెండు మైళ్ల దూరంలో, నల్లమల అంచున డేరాలు వేసుకుని అడవి యుద్ధం నేర్చుకుంటోంది. మిత్రులైన రెండు సైన్యాలు ఒకరి పద్ధతులు ఒకరు తెలుసుకుంటే మంచిదని పైవాళ్లకు తోచింది. ఈ పటాలం నుంచి ఒక కెప్టెన్ అమెరికా సైన్యానికి పోయాడు, అతనికి బదులు అక్కణ్ణుంచి డోలన్ వచ్చాడు. ఉన్నన్నాళ్లు ఇక్కడి బట్టలే కట్టాలి, ఇక్కడి మర్యాదలే పాటించాలి. తన సొంత యూనిఫారం పెట్టెలో పెట్టి తాళం వేసుకోవాలి.

పాపం, మంచివాడే. ముప్పై ఏళ్లుంటాయి. నవ్వితే పళ్లన్నీ కనిపించేవి. మనిషి మంచివాడని చెప్పి కథ మొదలుపెడుతున్నానంటే ఏదో దాస్తున్నానని మీకు అనుమానం రావచ్చు. దాచడం లేదు. మంచివాళ్లు చేసే పనుల గురించే ఈ కథ.

అమెరికావాణ్ణి చూసి మెస్సు మెస్సంతా మొదటి వారం కడుపు పట్టుకుని నవ్వింది. మెస్సంటే ఆఫీసర్లు కలిసి భోంచేసే పెద్ద డేరా. అందులో అన్నం కన్నా మర్యాద ఎక్కువ వడ్డిస్తారు. డోలన్ నెత్తిన టోపీ లేకుండా కల్నల్‌కు సలాము కొట్టాడు. టోపీ లేనప్పుడు సలాము కొట్టకూడదని వీళ్ల రూలు. కొట్టిన సలాము కూడా అరచేయి నేలకేసి కొట్టాడు, వీళ్లకు అరచేయి ఎదుటివాడికి కనిపించాలి. మాంసం ముక్క కోసుకుని, కత్తి పక్కన పెట్టి, ముల్లుచెంచా కుడిచేతికి మార్చుకుని తిన్నాడు. విందు రోజున రాజుగారి పేర అందరూ లేచి గ్లాసెత్తకముందే సిగరెట్టు ముట్టించాడు. కల్నల్ దొర తన గ్లాసు కింద పెట్టేసి, ఆ సిగరెట్టు కాలిపోయేదాకా నోరు విప్పలేదు. ఇంతమంది అలా చూస్తుంటే డోలన్‌కు తల కొట్టేసినట్టయింది.

ఆ మర్నాడు అడ్జుటెంట్ దొర మజీద్‌ను పిలిచాడు. పటాలంలో కల్నల్ తర్వాత పెత్తనమంతా ఇతనిదే.

"నువ్వు ఫారెస్టు బంగళాలో పనిచేసినవాడివి. నీ తండ్రి కూడా బట్లరే. ఆ అమెరికావాణ్ణి మనిషిని చెయ్యి. చేశావంటే నిన్ను మెస్సుకు పెద్ద బట్లర్ని చేస్తాను," అన్నాడు.

మజీద్‌కు కావలసింది అదే. పెద్ద బట్లరంటే నడుముకు ఎర్ర పటకా, తలపాగాకు వెండి బిళ్ల, కింద తొమ్మిదిమంది పనివాళ్లు. ఇంటికొచ్చి భార్య ఖదీజాతో చెప్పాడు. ఖదీజా పొయ్యి ఊదుతూ దగ్గుతోంది. ఆమెకు ఉబ్బసం. నల్లమల మీంచి చలి దిగిందంటే తెల్లవారుజామున ఆమె పీల్చే గాలి ఈల వేస్తుంది.

"దొరకు దొరతనం నువ్వు నేర్పేదేందయ్యా? పుట్టుకతో రాలేదా ఆయనకు?" అంది.

"రాలేదు. పిచ్చోడు, నాకు థాంక్యూ చెప్తాడు," అన్నాడు మజీద్.

నేర్పడం మొదలుపెట్టాడు. మజీద్‌ది బంగళా ఇంగ్లీషు. క్రియాపదాలు ఎక్కడివక్కడ వదిలేసినా దొరలకు అర్థమవుతుంది. ముందు బట్టలు. నిక్కరు మోకాలికి ఎంత పైన ఆగాలో వేలితో కొలిచి చూపించాడు. మేజోళ్ల మడత రెండు కాళ్లకూ ఒకే ఎత్తున ఉండాలన్నాడు. చీలమండకు చుట్టే పట్టీ కొస బయటికి రావాలి, లోపలికి కాదన్నాడు. భుజం మీంచి వచ్చే తోలు బెల్టును రోజూ గంటసేపు రుద్ది, దానిలో మొహం కనిపిస్తేనే దొరకు తొడిగేవాడు. బఠానీ గింజలు పళ్లెంలో పోసి, ముల్లుచెంచా ఎడమచేత్తోనే పట్టి తినమనేవాడు. డోలన్ పది గింజలకు తొమ్మిది కింద పోసేవాడు. పోసినవి మజీద్ ఏరి మళ్లీ పళ్లెంలో వేసేవాడు. పదిహేను రోజులకు ఒక్క గింజ కింద పడలేదు.

బట్టలు వచ్చాయి, చెంచా వచ్చింది. నౌకరుతో ఎలా ఉండాలన్నది మాత్రం రాలేదు. అందుకని మజీద్ ఒక సాయంత్రం డేరాలో బూటు ఒకటి కావాలనే కింద పడేశాడు.

"తిట్టండి సాబ్."

"ఎందుకు? చేయి జారింది కదా."

"జారితేనే సాబ్ తిట్టేది. తిట్టండి. గట్టిగా అరవొద్దు. అరిచేది సార్జెంట్లు. దొర మెల్లగా అంటాడు. నా మొహం దిక్కు చూడొద్దు, ఆ గుంజ దిక్కు చూసి అనండి."

డోలన్ గుంజ వైపు చూసి ఏదో అన్నాడు. నవ్వొచ్చి ఆగిపోయాడు. మజీద్ బూటు తీసి మళ్లీ పడేశాడు. ఆ సాయంత్రం ఆ బూటు ఇరవైసార్లు కింద పడింది. ఇరవయ్యోసారి డోలన్ అన్న మాటకు మజీద్‌కు నిజంగానే ఒళ్లు జలదరించింది. "శభాష్ సాబ్, వచ్చేసింది," అని చప్పట్లు కొట్టినంత పని చేశాడు.

ఇంకో పాఠం కూడా ఆ డేరాలోనే చెప్పాడు. ఈ పాఠం గుర్తు పెట్టుకోండి.

"నౌకరు మీద ఏదో గొడవ వచ్చిందనుకోండి సాబ్. ఇంకో దొర మిమ్మల్ని అడుగుతాడు. మీరు ఔననకూడదు, కాదనకూడదు. దొరల నడుమ నౌకరు మాట వస్తే ఇద్దరికీ తక్కువ. 'మీరు చూసుకోండి' అని, చేయి ఇట్ల అనాల."

అని చేయి చూపించాడు. నాలుగు వేళ్లూ కలిపి, బొటనవేలు లోపలికి ముడిచి, బల్ల మీద రొట్టె పొడి దులిపినట్టు ఒక్కసారి విదిలించాలి. మణికట్టు కదలకూడదు.

డోలన్ మొహం మాడ్చుకున్నాడు. "మరి ఆ నౌకరు ఏమైపోవాలి?"

"ఏం కాదు సాబ్. దొర నోరు విప్పడు గానీ మనసులో పెట్టుకుంటాడు. అయినంక లోపల్లోపల సర్దేస్తాడు. మా ఫారెస్టు దొర అట్లనే చేసినాడు. తుపాకి పోయిందని నన్ను పట్టుకుంటే నలుగుర్లో ఒక్క మాటన్నా అనలేదు. సాయంత్రానికి నన్ను విడిపించినాడు."

మజీద్ ఆ ఒక్క దొరను చూసి దొరలందరికీ లెక్క కట్టాడు. తప్పు అతనిదని నేననను. వాళ్ల నాయన చెప్పిందీ అదే, తాను ఇరవై రెండేళ్లు బతికిందీ అదే.

నవంబరుకల్లా డోలన్ దొర తయారయ్యాడు. మెస్సులో నవ్వులు ఆగిపోయాయి. కల్నల్ ఒకరోజు ఆయన భుజం తట్టాడు. డోలన్ ఆ రాత్రి బట్టలు మార్చుకుంటూ మజీద్‌తో తన భయం చెప్పుకున్నాడు. సంక్రాంతి నెలలో అమెరికా జనరల్ వస్తాడు. అప్పుడు కల్నల్ మంచి రిపోర్టు ఇస్తే పటాలంతోపాటు బర్మాకు పోయి కంపెనీ నడుపుతాడు. చెడ్డ రిపోర్టు ఇస్తే మళ్లీ కలకత్తా గోదాములో పెట్టెల మధ్య కూర్చోవాలి.

"నేనున్నా గదా సాబ్," అన్నాడు మజీద్.

డిసెంబరులో చలి ముదిరింది. ఒక ఉదయం మజీద్ ఆలస్యంగా వచ్చాడు. ఎందుకని అడిగితే భార్యకు ఆయాసం ఎక్కువైందని చెప్పాడు. డోలన్ ఏమీ అనకుండా పెట్టె తాళం తీశాడు. తన అమెరికా కోటు తీశాడు. పొట్టిది, లోపల ఉన్ని, ముందు బొత్తాల బదులు ఇనుప పళ్ల జిప్పు. మోచేతుల దగ్గర కొంచెం చిరిగింది.

"నేనిక్కడ తొడుక్కోకూడదు కదా. మీ ఆవిడకు ఇవ్వు," అన్నాడు.

ఆ మధ్య స్టోర్సులోంచి కంబళ్లు నలభై మాయమయ్యాయి. గుడ్డపేలిక గేటు దాటాలన్నా ఆఫీసరు చేతిరాత చీటీ ఉండాలని కల్నల్ ఉత్తరువు వేశాడు. డోలన్‌కు అది గుర్తొచ్చి కాగితం కోసం వెతికాడు.

"చీటీ రాయమంటావా?"

మజీద్ రెండడుగులు వెనక్కి వేశాడు. నొచ్చుకున్నాడు కూడా.

"మా దొరను నేను కాగితం అడుగుతానా సాబ్? దొర మాటే కాగితం. కాగితం అడిగిన నౌకరు దొరను నమ్మనట్టు. అట్లాంటి నౌకరును ఒక్క దినం కూడా ఉంచుకోకూడదు."

డోలన్ ఆ మాట విని తలూపాడు. మరో పాఠం నేర్చుకున్నట్టు ఊపాడు. కావలివాళ్లు మజీద్‌ను ఎప్పుడూ తడమరు, ఆ కోటు మూటలో పెట్టుకుని దర్జాగా గేటు దాటాడు.

ఖదీజా ఆ జిప్పును పైకీ కిందికీ లాగి లాగి చిన్నపిల్లలా నవ్వింది. తమ్ముడు ఖుద్దూస్‌ను పిలిచి చూపించింది. ఖుద్దూస్ మెస్సులో బల్ల దగ్గర వడ్డించే పనివాడు. ఆ పని మజీద్ ఇప్పించిందే. ఆ రోజు నుంచి తెల్లవారుజామున ఈల ఆగిపోయింది. తొమ్మిది రోజులు ఆగింది.

పదో రోజు, కంబళ్లు ఇంకా దొరకలేదని కల్నల్ మండిపడ్డాడు. సైన్యపు బట్ట బజారుకు చేరితే ఎత్తుకుపోయినవాణ్ణి బెత్తాలతో కొట్టిస్తానన్నాడు. ఏ ఆఫీసరైనా చేతులారా ఇచ్చి ఉంటే ఆ ఆఫీసరును ఆ రోజే పటాలం నుంచి పంపించేస్తానన్నాడు. అడ్జుటెంటు ఇద్దరు పోలీసుల్ని వెంటబెట్టుకుని పనివాళ్ల ఇళ్ల మీద పడ్డాడు.

మజీద్ అప్పుడు క్యాంపులో దొరకు గడ్డం గీస్తున్నాడు. ఖదీజా ఇంట్లో ఒంటరిగా కోటు తొడుక్కుని పొయ్యి ముట్టిస్తోంది. పోలీసు "తీయ్" అన్నాడు. భయంతో గుంజితే లోపలి కుర్తా అంచు జిప్పు పళ్లలో ఇరుక్కుంది. పైకి రాదు, కిందికి రాదు. పోలీసు తానూ గుంజి చూశాడు. ఆ యంత్రం అతనికి చేతకాలేదు. చేతకానిదానికి కోపం వచ్చి, "అట్లనే నడువ్," అన్నాడు.

మసీదు వెనక సందులోంచి, ఆకుల అంగళ్ల ముందు నుంచి, స్టేషను రోడ్డు మీదుగా రెండు మైళ్లు నడిపించారు. ఖదీజా పెళ్లయినప్పటి నుంచి బురఖా లేకుండా గడప దాటిన మనిషి కాదు. పైన దుప్పటి కప్పుకోబోతే, "సరుకు కనబడాల," అని పోలీసు లాగి పారేశాడు. మగవాడి కోటులో, తల మీద ఏమీ లేకుండా, దగ్గుకుంటూ నడిచింది. అంగళ్లవాళ్లంతా తెలిసినవాళ్లే. ఒక్కడు కూడా లేవలేదు.

గేటు దగ్గర మజీద్ ఆమెను చూశాడు. పరుగెత్తుకుపోయి ఆమెతో అన్నది ఒక్కటే మాట.

"ఏడవొద్దు ఖదీజా. మా దొర ఉన్నాడు. దొర చెప్తాడు లే."

కల్నల్ మెస్సు ముందు కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. ఆఫీసర్లంతా చుట్టూ నిలబడ్డారు. డోలన్‌ను పిలిచారు. వచ్చాడు. మేజోళ్ల మడతలు రెండూ ఒకే ఎత్తు. బెల్టు తళతళలాడుతోంది. అరచేయి కనిపించేలా సలాము కొట్టాడు. పొద్దున మజీద్ తన చేతులతో ముస్తాబు చేసి పంపిన దొర.

"ఇది నీ కోటేనా?" అడిగాడు అడ్జుటెంటు.

"నాదే."

"ఎవరికీ ఊడిరావడం లేదు. నువ్వే తియ్యి."

డోలన్ ఖదీజా దగ్గరికి వచ్చాడు. ఆమె కళ్లు మూసుకుంది. పరాయి మగవాడు, అందులోనూ తెల్లవాడు, మెడ కింద చేయి పెడుతుంటే ఒళ్లంతా బిగుసుకుపోయింది. ఆ వేళ్లకు ఆ జిప్పు తెలుసు. ఇరుక్కున్న గుడ్డను మెల్లగా తప్పించి, ఒక్క లాగు లాగాడు. సర్రున దిగింది. కోటు ఆమె భుజాల మీంచి తీసి చేతి మీద వేసుకున్నాడు. అంత దగ్గర్లో ఆమె అన్న మాట ఆయనకు తప్ప ఎవరికీ వినపడలేదు.

"నువ్వే ఇచ్చినావని చెప్పు సాబ్."

ఆయనకు తెలుగు రాదు. ఆమె ఏమడిగిందో తెలియడానికి తెలుగు అక్కర్లేదు.

మజీద్ చేతులు జోడించి, "దొర ఇచ్చినాడు. దొరనే అడగండి," అన్నాడు కల్నల్‌తో.

కల్నల్ డోలన్ వైపు తిరిగాడు. "నువ్విచ్చావా, వీడు తీసుకుపోయాడా?"

అంతమందీ డోలన్‌ను చూస్తున్నారు. జనరల్ రావడానికి ఇరవై రోజులుంది. డోలన్ చేతి మీద కోటు ఇంకా వెచ్చగానే ఉండి ఉంటుంది. ఆ ఒక్క క్షణంలో మజీద్ అల్లాను కోరుకున్నది ఒకటే. నేను నేర్పిందంతా ఈయన మరిచిపోవాలి. చెంచా మరిచిపోనీ, సలాము మరిచిపోనీ, పెట్టె మోసుకుంటూ రైలు దిగిన మనిషి మళ్లీ కనిపించనీ.

డోలన్ మజీద్ మొహం వైపు చూడలేదు. డేరా గుంజ వైపు చూశాడు.

"మీరు చూసుకోండి, సర్," అన్నాడు మెల్లగా. చేయి ఒక్కసారి విదిలించాడు. నాలుగు వేళ్లూ కలిసే ఉన్నాయి. బొటనవేలు లోపల ఉంది. మణికట్టు కదలలేదు.

సిగ్గులేని మాట ఒకటి చెప్పాలి. ఆ చేయి చూసి మజీద్ మనసు మొదట అన్నది, సరిగ్గా చేసినాడు, అని. భయం ఆ తర్వాత వచ్చింది.

పన్నెండు బెత్తాలు. మధ్యాహ్నం కాకముందే, పటాలం ముందు, బండి చక్రానికి చేతులు కట్టి కొట్టారు. నౌకరును కొట్టేటప్పుడు వాడి దొర అక్కడ నిలబడాలని వాళ్ల ఆనవాయితీ. డోలన్ నిలబడ్డాడు. మజీద్ అరవలేదు. ఇప్పుడు నోరు మూసుకుంటే తర్వాత దొర లోపల్లోపల సర్దేస్తాడని ఏడో దెబ్బ దాకా అనుకున్నాడు. ఎనిమిదో దెబ్బ నుంచి ఏమీ అనుకోలేకపోయాడు. ఖదీజాను కూడా చూడమని ముందు వరసలో నిలబెట్టారు. ఆమె దగ్గుకు కొట్టేవాడు రెండుసార్లు లెక్క తప్పి, తప్పిన రెండూ మళ్లీ కొట్టాడు.

అయ్యాక డోలన్ టోపీ సరిచేసుకుని కల్నల్‌కు సలాము కొట్టి వెళ్లిపోయాడు. సాయంత్రం వచ్చింది. మర్నాటి సాయంత్రం కూడా వచ్చింది. లోపల్లోపల సర్దడానికి ఎవరూ రాలేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం ఖుద్దూస్ వచ్చాడు. మజీద్ బోర్లా పడుకుని ఉన్నాడు. వీపు మీద ఖదీజా పసుపూ నూనే రాసి, వేపమండతో ఈగలు తోలుతోంది. ఖుద్దూస్ గడపలోనే నిలబడి తల దించుకున్నాడు. మజీద్ స్థానంలో డోలన్ దొర దగ్గర ఇప్పుడు అతనే.

"నేను కావాలని పోలేదు భాయ్. అడ్జుటెంట్ దొర పొమ్మన్నాడు. నాకూ బిడ్డలున్నారు."

"నిన్నేమన్నా అన్నానా? కూర్చో," అన్నాడు మజీద్. తల అతని వైపు తిప్పి, "దొర ఏమన్నా అన్నాడా, నా సంగతి?" అన్నాడు. ఆ గొంతులో ఇంకా ఆశ ఉందంటే మీరు నమ్మరు. ఉంది.

ఖుద్దూస్ చెప్పాలా వద్దా అని అక్క మొహం చూశాడు. చెప్పేశాడు.

"నిన్న పెద్ద విందు భాయ్. రాజుగారి గ్లాసులు అయిపోయినంక అందరూ కథలు చెప్పుకుంటా ఉండారు. దొర లేచి నీ కథ చెప్పినాడు. కోటు తనే ఇచ్చినానని చెప్పినాడు. చీటీ రాస్తానంటే నువ్వు వద్దని వెనక్కి పోయిన తీరు చేసి చూపించినాడు. నీ మాదిరే మాట్లాడినాడు. అందరూ బల్ల గుద్ది నవ్వినారు."

"కల్నల్ దొర?"

"కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వినాడు. పంపించేస్తానన్న మాటే ఎత్తలేదు. ఇప్పుడు నువ్వు మా వాడివైనావురా అన్నాడు. జనరల్‌కు తనే చెప్తాడంట, ఇంత బాగా కలిసిపోయినోణ్ణి చూడలేదని."

"అంటే నేను దొంగను కానని అందరికీ తెలిసిపోయినాదా?"

"తెలిసిపోయింది భాయ్."

"మరి?"

"మరేముంది? నవ్వినారు."

ఖదీజా వేపమండ కింద పెట్టేసింది. ఖుద్దూస్ సంచిలో చేయి పెట్టి, అడుగున దాచిన డబ్బా ఒకటి తీశాడు. గట్టిపాల డబ్బా. మూత మీద సైన్యం ముద్ర.

"దొర ఇచ్చినాడు. 'మీ అక్కకు' అన్నాడు. ఆయన మనసు చెడ్డది కాదు ఆపా," అన్నాడు ఖదీజాతో.

మజీద్ మోచేతుల మీద లేచాడు. "గేటు ఎట్ల దాటినావు?"

"సంచి అడుగున పెట్టుకొచ్చినా."

"చీటీ ఏది?"

ఖుద్దూస్ నిజంగానే ఆశ్చర్యపోయాడు. "దొరను కాగితం అడుగుతామా భాయ్? మర్యాదేనా? నువ్వే గదా నేర్పినావు."

నాలుగు రోజుల్లో మొదటిసారి మజీద్ లేచి నిలబడ్డాడు. వీపు మీద కట్టిన పక్కులు చిట్లి నెత్తురు నడుము దాకా కారింది. గరిటె తీసుకుని పొయ్యి పక్కన నేల తవ్వాడు. ఖదీజా "ఏందయ్యా, పుండ్లు రేగుతాయి," అంటున్నా వినలేదు. డబ్బా గుంటలో పెట్టి, మట్టి కప్పి, పైన బూడిద చల్లి, దాని మీద కుండ పెట్టాడు. అప్పుడు ఖుద్దూస్ చొక్కా పట్టుకున్నాడు.

"రేపు పోయి దొరను చీటీ అడుగు. ఈ డబ్బాకు రాయించుకో. ఇంకేమిచ్చినా రాయించుకో. లేకుంటే నీ వీపు కూడా ఇట్లయితాది. నా బిడ్డవనుకో, నా మాట విను."

ఖుద్దూస్‌కు ఇష్టం లేదు. కానీ బావ వీపు కళ్లెదురుగా ఉంది. సరేనని వెళ్లాడు.

మర్నాడు మధ్యాహ్నానికే తిరిగి వచ్చాడు. నడుముకు పటకా లేదు, నెత్తిన తలపాగా లేదు. రెండూ గేటు దగ్గరే ఊడదీసుకున్నారు. గుమ్మంలో చతికిలబడ్డాడు.

"అడిగినా భాయ్. నువ్వు చెప్పినట్టే చేతులు కట్టుకుని అడిగినా. దొర ముందు నా మొహం దిక్కు చూసినాడు. తరువాత గుంజ దిక్కు చూసినాడు. దొరను నమ్మని నౌకరును ఒక్క దినం కూడా ఉంచుకోకూడదంట. పక్క డేరాలోంచి అడ్జుటెంట్ వచ్చి ఏందని అడిగినాడు. మీరు చూసుకోండి అని, చేయి ఇట్ల అన్నాడు."

అని ఖుద్దూస్ చేయి విదిలించి చూపించాడు. వేళ్లు విడివిడిగా ఉన్నాయి, బొటనవేలు పైకి లేచి ఉంది.

మజీద్ ఆ చేతినే చూశాడు. అడగకుండా ఉండలేకపోయాడు.

"బొటనవేలు లోపల పెట్టినాడా?"

ఖుద్దూస్ గుర్తు చేసుకున్నాడు. "లోపలే పెట్టినాడు భాయ్."

పన్నెండు దెబ్బలకూ ఏడవని మజీద్ అప్పుడు గోడకు మొహం తిప్పుకుని బావురుమని ఏడ్చాడు. ఖదీజా ఓదార్చలేదు. చలికి దుప్పటి రెండు చుట్లు మెడకు చుట్టుకుని, పొయ్యి దగ్గర కూర్చుని దగ్గుతూనే ఉంది.